కండక్టర్‌ని దాటి పరిగెత్తిన పియానో

ఉద్యోగంలో చేరిన కొత్తలో, సీనియర్ చెప్పేది కరెక్ట్ కాదని తెలిసినా మీటింగ్‌లో నోరు మూసుకుని కూర్చున్న రోజులు నాకున్నాయి. మీకూ ఉండే ఉంటాయి. అలా కూర్చోని ఒక కుర్రాడి కథ ఇవాళ చెప్తా.

1928 జనవరి 12. న్యూయార్క్‌లో కార్నెగీ హాల్. స్టేజీ మీద న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా. గెస్ట్ కండక్టర్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన సర్ థామస్ బీచమ్, వయసు 48. పియానో ముందు వ్లదిమిర్ హొరొవిట్జ్, వయసు 24. అమెరికాలో ఇద్దరికీ అదే మొదటి కచేరీ.

హొరొవిట్జ్ వాళ్ళది ఉక్రెయిన్. ఒకప్పుడు బాగా ఉన్న కుటుంబం. రష్యా విప్లవంలో ఆస్తంతా పోయింది. 1925లో ఇతను దేశం దాటి జర్మనీ వచ్చేశాడు. అంటే ఆ రాత్రి ఫెయిలైతే వెనక్కి వెళ్ళడానికి ఇల్లు కూడా సరిగ్గా లేదన్నమాట.

వాయించాల్సింది చైకోవ్‌స్కీ మొదటి పియానో కాన్సర్టో. కాన్సర్టో అంటే ఒక వాద్యం ముందుంటుంది, ఆర్కెస్ట్రా మొత్తం దానితో కలిసి నడుస్తుంది. కండక్టర్ చేతిని బట్టే అందరి స్పీడూ. ఇక్కడే చిక్కొచ్చింది. బీచమ్ నోట్స్ చూడకుండా కండక్ట్ చేస్తున్నాడు, అదీ చాలా నిదానంగా. హొరొవిట్జ్ చాలాసేపు ఓపిక పట్టాడు. కానీ జనం చేజారిపోతున్నారనిపించింది. చివరి భాగంలో ఇక ఆగలేదు. తన స్పీడ్‌లో తను దూసుకుపోయాడు. మన భాషలో చెప్పాలంటే, కండక్టర్ 'రైట్ రైట్' అనకముందే బస్సు కదిలిపోయింది! ఆర్కెస్ట్రా వెనకబడింది. హాలు మాత్రం ఊగిపోయింది. అతని పేరు అమెరికాకి తెలిసిపోయింది.

మరి అతను చేసింది కరెక్టేనా? నిజం చెప్పాలంటే, సంగీతం పరంగా అది తప్పే. కాన్సర్టో ఒక్కడి ఆట కాదు. కానీ అప్పుడతనికి ఇంకో ఛాన్స్ వస్తుందన్న గ్యారంటీ లేదు.

1943 ఏప్రిల్ 25న అదే హాల్లో, అదే కాన్సర్టో మళ్ళీ వాయించాడు. ఈసారి కండక్టర్ అతని మామగారే, టోస్కనీని. యుద్ధం బాండ్ల కోసం పెట్టిన ఆ కచేరీకి కోటి డాలర్లకు పైగా వచ్చాయి. ఆ రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చివరి భాగం వినండి. స్పీడ్ ఏమాత్రం తగ్గలేదు, కానీ ఎవరూ వెనకబడలేదు. గెలవడానికి ఒంటరిగా పరిగెత్తినవాడు, గెలిచాక కలిసి పరిగెత్తాడు. నాకైతే ఈ రెండోదే ఎక్కువ నచ్చింది.