ఎం106: భుజాల వలె తోచే వాయుధారలు

సప్తర్షి మండలానికి చేరువలో కనిపించే సర్పిలాకార గెలాక్సీ ఎం106. దీనికే ఎన్‌జీసీ 4258 అని మరో పేరు. భూమికి దూరం సుమారు 2.4 కోట్ల కాంతి సంవత్సరాలు. 1781లో ఫ్రెంచ్ ఖగోళవేత్త పియెర్ మెషాన్ దీనిని గుర్తించారు. వేసవి రాత్రులలో భిలాయి నుండి చూస్తే ఇది ఉత్తర దిక్కున బాగా ఎత్తునకు వస్తుంది. అయితే కంటికి ఆనదు. చిన్న దూరదర్శినితో, ఉక్కు నగరపు దీపకాంతికి దూరంగా పోయి చూసినా అగుపించేది మసక మరక మాత్రమే.

అసలు విచిత్రం 1961లో బయటపడింది. హైడ్రోజన్ వెలువరించే ఎర్రని కాంతిలో పరిశీలించిన ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులకు, నక్షత్రాలతో నిండిన రెండు భుజాలతో పాటు మరో రెండు కనిపించాయి. వాటిలో నక్షత్రాల జాడ లేదు. ఉన్నది వేడి వాయువే. 1972లో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో దూరదర్శిని వాటి రేడియో తరంగాలను పట్టుకుంది. అవి భుజాలు కావు, కేంద్రం నుండి ఎగసిన ధారల ప్రభావమని క్రమంగా తేలింది.

ఆ కేంద్రంలో సుమారు 3.9 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉంది. దాని చుట్టూ తిరిగే నీటి ఆవిరి రేడియో సంకేతాల ఆధారంగా 1995లో ఈ ద్రవ్యరాశిని లెక్కగట్టారు. విశ్వదూరాలను కొలిచేవారికి ఆ సంకేతాలు నేటికీ గట్టి కొలబద్ద.

సాధారణంగా కృష్ణబిలపు ధార గెలాక్సీ తలానికి వెలుపలికి పోతుంది. ఇక్కడ అది ఏటవాలుగా తలంలోనికే చొచ్చుకొనిపోతోంది. నక్షత్రాలకు ముడిసరుకైన చల్లని అణువాయువు దాని దారిలోనే ఉంది. చల్లని హైడ్రోజన్ అణువు తనంతట తాను దాదాపుగా ప్రకాశించదు గనుక, దానితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ వెలువరించే తరంగాలను శాస్త్రజ్ఞులు వెదకుతారు. 2007లో వెలువడిన పరిశీలన ప్రకారం ఆ వాయువు ధారకు ఇరువైపులా రెండు గట్ల వలె పేరుకొని ఉంది. నడుమ దాదాపు 570 కాంతి సంవత్సరాల వెడల్పున అది పలచబడింది. కాలువ, గట్లు అనుకుంటే సరిపోతుంది.

నష్టం ఎంత? స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని ఆధారంగా 2014లో చేసిన అంచనా ప్రకారం, గెలాక్సీ నడిభాగంలోని వాయువులో మూడింట రెండు వంతులు ఇప్పటికే బయటకు నెట్టివేయబడ్డాయి. అక్కడ నక్షత్రాల పుట్టుక మన పాలపుంతలో కంటే పదో వంతే. బయటి నుండి కొత్త వాయువు చేరకపోతే, మిగిలినది కూడా 30 కోట్ల ఏళ్లలో వెళ్లిపోతుందని అదే అంచనా.