మంద్ర పంచమం కోసం

పొద్దున తొమ్మిది కూడా కాలేదు, కదిరి ఎండ అప్పుడే నెత్తికెక్కింది. ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర వీధిలో పెళ్లికొడుకు మెరవణి బయలుదేరబోతోంది. మీరు బ్యాండు మేళం వెనక వరసకు రండి. బేస్ వాయించే పెద్దాయన పక్కన నిలబడండి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా క్లారినెట్ ముందు, ట్రంపెట్ల ముందు గుమిగూడతారు. ఇక్కడికి ఎవరూ రారు. మీరు మాత్రం ఇక్కడే ఉండండి.

ఆయన భుజానికి తోలు పట్టా. దానికి వేలాడుతున్నది మీరట్‌లో చేసిన మూడు వాల్వుల ఈ-ఫ్లాట్ ట్యూబా. మన దేశంలో పెళ్లి బ్యాండ్ల వాద్యాలు చాలావరకు ఆ ఊరి జలీ కోఠీ వీధిలోనే తయారవుతాయి. ఇత్తడి మీద చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది.

క్లారినెట్ మాస్టర్ ఒక స్వరం పట్టి చూసి వెనక్కి తిరుగుతాడు. "మామా, పైకి పోతాండావే!"

"ఎండకు లేస్తాండాది మాస్టరూ, నేనేం జేసేది" అంటూ పెద్దాయన ట్యూనింగ్ గొట్టాన్ని ఇంకాస్త బయటికి లాగుతాడు.

ఆయన మాటలో పొల్లు లేదు. 20 డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, 40 డిగ్రీల గాలిలో 355. గొట్టం పొడవు మారకుండా లోపలి శబ్దం వేగం పెరిగితే శ్రుతి పైకి లేవక తప్పదు. క్లారినెట్ సన్నటిది, వాయించేవాడి ఊపిరితోనే నిండిపోతుంది. ట్యూబాలో దాదాపు 13 అడుగుల గొట్టం, పైగా వెడల్పు. ఊపిరి వెచ్చదనంతో పాటు వీధి వేడి కూడా దాని శ్రుతిలో కలుస్తుంది.

డ్రమ్ము దెబ్బ పడింది. మేళం కదిలింది. మీరూ నడవండి, ఆయన కుడిచేతి వేళ్లనే చూస్తూ నడవండి. పాటలో ఎన్ని వంకలున్నా బేస్ పని ప్రధానంగా రెండు స్వరాలు: షడ్జం, దాని దిగువన మంద్ర పంచమం. ఈ-ఫ్లాట్ షడ్జమైతే వాల్వు ఒక్కటీ నొక్కక్కర్లేదు. పంచమానికి ఐదు అరస్వరాలు దిగాలి. ఒకటో వాల్వు రెండు, మూడోది మూడు. రెండూ కలిపి నొక్కుతాడు.

అక్కడే చిక్కు. అరస్వరం దిగడానికి ఉన్న పొడవు మీద దాదాపు 6 శాతం గొట్టం కలవాలి. ఒక వాల్వు నొక్కగానే వాద్యం పొడుగైపోతుంది, ఆ 6 శాతం కూడా పెద్దదవుతుంది. కానీ దానితో కలిపి నొక్కే ఇంకో వాల్వుకు అతికిన గొట్టం మాత్రం ఎప్పటి పొడవే. లెక్క కడితే ఈ-ఫ్లాట్ ట్యూబాకు మంద్ర పంచమం దగ్గర మూడున్నర అంగుళాల గొట్టం తక్కువ. మూడు వాల్వులూ కలిపి ప్రతిమధ్యమానికి దిగితే తక్కువ దాదాపు ఆరున్నర అంగుళాలు. అంటే మేళానికి అంతగా కావలసిన పంచమమే తప్పు శ్రుతిలో పుడుతోంది.

ఇప్పుడు పెద్దాయన ముఖం చూడండి. పంచమం వచ్చిన ప్రతిసారీ దవడ కొంచెం జారుతుంది, పెదవి వదులవుతుంది. లేని మూడున్నర అంగుళాలను పెదవితో పూడుస్తున్నాడు. గుడి నుంచి బస్టాండు దాకా, ఎండలో, బరువు మోస్తూ, అడుగడుగునా అదే పని. మెరవణిలో ఇంతకన్నా గొప్ప విద్య నాకు కనపడదు.

ఈ లోటుకు మందు దొరికి నూటయాభై ఏళ్లయింది. లండన్‌లో బూసీ కంపెనీలో పనిచేసిన డేవిడ్ బ్లేక్లీ 1874లో కాంపెన్సేటింగ్ వాల్వులు కనిపెట్టాడు. నాలుగు వాల్వుల ట్యూబాలో సంగతి ఇదీ: నాలుగో వాల్వును ఎడమచేత్తో నొక్కితే ఐదు అరస్వరాలు ఒక్కదెబ్బకు దిగుతుంది, పంచమం నేరుగా పలుకుతుంది. అంతటితో ఆగదు. నాలుగో గొట్టం చుట్టివచ్చిన గాలి మళ్లీ మిగతా మూడు వాల్వుల గుండా పోతుంది. వాటిలో ఏది నొక్కి ఉంటే దాని వెనక దాగిన చిన్న గొట్టం అప్పుడు కలుస్తుంది, అసలు గొట్టంలో దాదాపు మూడో వంతు పొడవున. తక్కువైన అంగుళాలు అక్కడ పూడతాయి.

లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో 1987లో కన్నుమూసేదాకా ట్యూబా వాయించిన జాన్ ఫ్లెచర్ ఎంచుకున్నది ఈ వాద్యాన్నే, బెస్సన్ కంపెనీ ఈ-ఫ్లాట్‌ను. బ్రిటన్ వృత్తి కళాకారుల్లో చాలామంది ఆయన దారి పట్టారు. పైస్థాయిలో పాటలా పలుకుతుంది, అడుగుకు దిగినా శ్రుతి చెడదు. ఒక్క వాద్యంతో రెండు పనులు. ఆ వాద్యం ధర కదిరి మేళగాడికి అందేది కాదు. ఫ్లెచర్‌కు గొట్టం చేసిపెట్టిన పనిని ఇక్కడ ఈయన పెదవితో చేస్తున్నాడు. ఇద్దరి చెవీ వెతికేది ఒకే పంచమాన్ని.

మెరవణి మండపం చేరింది. పెద్దాయన వాద్యం దించి, నీళ్ల వాల్వు నొక్కి లోపలి తడి వదులుతాడు. చెంబెడు నీళ్లు తాగి మీతో మాట కలుపుతాడు.

"చెనిక్కాయ పండిన ఏడు పదిమందిమి పోతాం సామీ. పండని ఏడు ఆరుగురు చాలంటారు. అప్పుడు ఫస్టు ఆపేది నన్నే. కీబోర్డులో బేస్ వస్తాది గదా అంటారు."

చెనిక్కాయంటే వేరుశనగ. కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం అందులో ఎన్నో రకాలు ఇచ్చింది. కదిరి-6, కదిరి లేపాక్షి ఈ ఊరి పేరును దూరదూరాలకు మోశాయి. అయినా వాన మొహం చాటేస్తే మద్దిలేరులో ఇసుకే మిగులుతుంది, పెళ్లి ఖర్చు మీద కోత పడుతుంది. ఆ కోత అందరికన్నా ముందు వెనక వరస మీద పడుతుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. బేస్ లేని మేళంలో క్లారినెట్‌కు నిలవడానికి నేల ఉండదు. ట్రంపెట్లు ఎంత గట్టిగా ఊదినా ఆ వెలితి తీరదు.

మీ ఇంట పెళ్లికి మేళం మాట్లాడుకునేటప్పుడు బేస్ వాయించే మనిషి ఉన్నాడా అని అడగండి. లేకపోతే ఒక ట్రంపెట్‌ను తగ్గించైనా సరే, ఆయన్ను పిలిపించండి.