ఆటల కంప్యూటరు: విడిభాగముల చరిత్ర

కంప్యూటరును భాగములుగా కొని, తన అవసరమునకును తన సొమ్మునకును తగినట్లు కూర్పించుకొను అలవాటు నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల యువకులకు సహజముగనే తోచుచున్నది. అంగడివాడు దానిని ‘అసెంబుల్డు’ అనును, ఇంటివారు ‘సి.పి.యు. పెట్టె’ అందురు. కొబ్బరి దింపుల రాబడి కూడబెట్టి, ఆ పెట్టె నిమిత్తము ఒక్కసారిగ వెచ్చించు కుటుంబములు కోనసీమలో లేకపోలేదు. అట్టి సొమ్ములో ఏ భాగమునకెంత పెట్టవలెనను ప్రశ్న చిన్నది కాదు. అసలు ఆ ప్రశ్న వేసికొను అవకాశము కొనువానికెట్లు సంక్రమించినదో ముందుగ విచారింతము. ‘ఆటలకా యింత ఖర్చు?’ అను పెద్దల ఆక్షేపణకు కూడ ఆ చరిత్రలో కొంత సమాధానము కలదు.

తెలుగునాట కంప్యూటరు నిర్మాణము ప్రభుత్వ సంస్థతో ఆరంభమైనది. 1967లో హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, ట్రాంబే శాస్త్రజ్ఞుల రూపకల్పన ననుసరించి 1969లో టి.డి.సి.-12 అను యంత్రమును వెలువరించినది. అది పరిశోధనాలయముల వస్తువు. దానిలో ఈ భాగము వలదు, ఆ భాగము కావలెనని కోరు గృహస్థుడు ఆనాడు లేడు. ప్రపంచమందంతటను స్థితి యించుమించు ఇదియే. యంత్రమును చేసినవాడే దాని ప్రతి భాగమునకును యజమాని.

ఈ కట్టుబాటు సడలినది 1981 ఆగష్టు 12న. ఆనాడు ఐ.బి.ఎం. సంస్థ తన చిన్న కంప్యూటరును విడుదల చేసినది. త్వరగ అంగడికి రావలెనను తొందరలో, ఫ్లారిడా రాష్ట్రములోని దాని చిన్న బృందము స్వంత భాగములకై వేచియుండక, ఇంటెల్ వారి 8088 ప్రాసెసరును, మైక్రోసాఫ్ట్ వారి నిర్వహణ వ్యవస్థను, ఇతరుల వద్ద దొరకు మరికొన్ని సరకులను కూర్చినది. అంతటితో ఆగక, యంత్రములోని విద్యుత్ పథముల పటములను గ్రంథరూపమున అచ్చువేసి అమ్మినది. ‘బయోస్’ అను చిన్న ఆదేశ సంపుటి మాత్రము ఐ.బి.ఎం. వారి హక్కుగ మిగిలినది. కాంపాక్ వారు దానిని నకలు చేయక, అది చేయు పనిని మాత్రము గుర్తించి, తమది తాము వ్రాసికొనిరి. 1983లో వారి యంత్రము కొనుగోలుదారులకు చేరినది. మరుసటి సంవత్సరము ఫీనిక్స్ అను సంస్థ అట్టి బయోసును ఎవరు కోరిన వారికి అమ్మసాగినది. పిమ్మట ఐ.బి.ఎం. వారు 1987లో కొత్త మార్గము తొక్కి, తమ అనుమతి లేక ఎవరును అతుకు పెట్టలేని పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టిరి. ఊరందరు నడచుచున్న పుంతకు కంచె వేయబోయినట్లయినది. పోటీదారులు తొమ్మండుగురు మరుసటి యేట కూడి, పాత దారినే విస్తరించుకొనిరి. విడిభాగముల అంగడి నిలిచినది ఆనాడే యని మా అభిప్రాయము.

1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అను కొలతలను ప్రకటించిరి: మదర్ బోర్డు పొడవు వెడల్పులు, మర బిగించు రంధ్రముల తావులు, విద్యుత్తు నందించు తీగల ముడి. వినుటకు స్వల్ప విషయము. కాని ఒక దేశమున చేసిన బోర్డు మరియొక దేశపు పెట్టెలో ఇముడుట దానివలననే.

మన దేశమున 1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటరు విధానము దిగుమతుల బిగువును కొంత తగ్గించినది. 1997లో భారతదేశము సమాచార సాంకేతిక ఒప్పందమున చేరి, 2005 నాటికి కంప్యూటరు భాగములలో చాలవానిపై సుంకమును తొలగించుట కంగీకరించినది. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లు కిటకిటలాడుటకు ఇదియు నొక కారణము. అటనుండి కోనసీమకు సరకు రావులపాలెము మీదుగ రావచ్చును, యానాం వద్ద గౌతమి దాటి యెదుర్లంక చేరవచ్చును; రాజోలు వారు నరసాపురమున కొని పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటింపవచ్చును.

ఇక ఆటల సంగతి. 1993లో వచ్చిన ‘డూమ్’ అను ఆటలో తెరపై కనబడు సమస్తమును ప్రాసెసరే చిత్రించెడిది. 1996లో ‘వూడూ’ అను ప్రత్యేక కార్డు వచ్చి ఆ భారమును తాను గైకొన్నది. సాధారణ చిత్రమునకు వేరొక కార్డు కూడ ఉండవలసియుండెను. ఈ రెండు పనులును చాల కాలమునకు ముందే ఒక్క కార్డులో కలిసినవి.

చౌకయైన ఎంపికలలో పేరెన్నిక గన్నది 1998 నాటి సెలరాన్ 300ఏ. ఇంటెల్ వారు దానిని పేదవాని ప్రాసెసరుగ 300 మెగాహెర్ట్జుల వేగమునకు అమ్మిరి. బోర్డులోని 66 మెగాహెర్ట్జుల లయను 100కు పెంచినచో అది 450 వేగమున పరుగెత్తెడిది. అప్పటి మేటి పెంటియం వేగమదియే, దాని వెల మాత్రము ఇంచుమించు నాలుగు రెట్లకు పైమాట! అన్ని చీలికలును అట్లు పరుగెత్తలేదు, అమ్మినవాడు పూచీపడలేదు. అయినను పెట్టెపై అచ్చొత్తిన అంకెకును లోని సత్తువకును భేదముండునని కొనువారు గ్రహించిరి.

ఆ భేదమును కొలుచుటకు కొంచెము లెక్క చాలును. సాధారణమైన మోనిటరు తెరలో అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును. మొత్తము 20 లక్షల 73 వేల 600. క్షణమునకు అరువది చిత్రములు కావలెనన్న, ఒక్కొక్క చిత్రమునకు దొరకు వ్యవధి క్షణములో అరువదవ వంతు. ‘4కె’ తెరయైన చుక్కలు సరిగ నాలుగు రెట్లు. ఎవరు ఎటు పోవలెనో నిర్ణయించునది ప్రాసెసరు. ఆ చుక్కలన్నింటికి రంగు వేయునది గ్రాఫిక్స్ కార్డు. కావున ఆటలకే యైనచో మొత్తములో మూడవ వంతు మొదలు నూటికి నలుబది వరకు కార్డునకు కేటాయించుట న్యాయము. తెర చిన్నదై కార్డు మాత్రము పెద్దదగుట, ఏతము వేయవలసిన చోట పదిగుర్రముల మోటారు దింపినట్లుండును. కార్డు కొనలేని వారికి 2018లో 99 డాలర్లకు వెలువడిన రైజెన్ 3 2200జి వంటి ప్రాసెసరులు, చిత్రకారుని తమలోనే యిముడ్చుకొని, మేలు చేసినవి. వానితో పాటు ర్యామ్ పలకలు ఒకటికి బదులు రెండు పెట్టవలెను. చిత్రించువాడు అచట ఆ ర్యామునే పంచుకొనును గనుక భేదము స్పష్టముగ కనబడును. పైగా ఆ ఏ.ఎం.4 తరగతి బోర్డు 2017లో కొన్నవారు, బయోస్ మార్చుకొని, 2022 నాటి ప్రాసెసరును సయితము అందులోనే బిగించుకొన గలిగిరి.

కోనసీమ గృహస్థుడు పిసినారితనము చూపరాని భాగము పవర్ సప్లై. అంగడివాడు రంగుదీపముల పంకాలు చూపి, ఈ భాగమును మాత్రము పేరులేనిదానిని పెట్టుట కద్దు. దానిపై వాట్ల సంఖ్య పెద్దదిగనే యుండును! 2004లో ఆరంభమైన ‘80 ప్లస్’ ముద్ర, తీసికొన్న విద్యుత్తులో నూటికి ఎనుబదియైనను వ్యర్థము గాక భాగములకందునని తెలుపును. అది మన్నికకు హామీ కాదు గాని, ముద్రయే లేనిదానికన్న మేలు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభములును కూలుట చూచిన ప్రాంతమిది. గాలివానలకు కరెంటు పోవుచు వచ్చుచుండు ఇంట యు.పి.ఎస్., సరియైన ఎర్తింగు విలాసములు కావు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలి వేరొక శత్రువు. పీచు పరిశ్రమ దాపున పొట్టుధూళి మరియొకటి. జాలి మూతలు గల పెట్టె అచట అద్దపు పెట్టెకన్న ఉపయోగకరము.

సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున 2016 డిసెంబరు 29న ఫైబరు పథకము ప్రారంభమైనపుడు, నెలకు 149 రూపాయలకే ఇంటింటికి అంతర్జాలమని ప్రకటించిరి. జీడిపప్పునకు పేరొందిన ఆ యూరిలో దూరదేశీయులతో ఆడుకొను ఆటలు నాటినుండి ఊహకు అందినవి. 2022 మే 24న అమలాపురమున జరిగిన అల్లర్ల పిమ్మట మొబైలు అంతర్జాలమును కొన్ని దినములు నిలిపివేసిరి. పెట్టెలోని ఎస్.ఎస్.డి.లో దాచుకొన్న ఆట మాత్రము ఆ దినములలోను ఆడినది. నిల్వకు సొమ్ము తగ్గింపబోవువారు దీనిని జ్ఞప్తి యందుంచుకొనుట మంచిది.

ధరలు ఎల్లప్పుడు దిగుచునే యుండునను నమ్మికయు చెల్లదు. 2020 మొదలు 2022 వరకు గ్రాఫిక్స్ కార్డులు దొరకుట గగనమైనది. నాణెములను ‘త్రవ్వు’వారు వానిని గంపగుత్తగ కొనిరి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకొనగ ఆ కార్డులు వాడిన సరకుగ అంగడికి వచ్చినవి. 2025 చివరి మాసములలో, కృత్రిమ మేధ నిమిత్తము నెలకొల్పు గణనశాలల గిరాకిచే, ర్యామ్ వెల మిక్కిలి పెరిగినది. ఇట్టి తరుణమున వాడిన భాగములను కొనుట తప్పు కాదు. కార్డు అంచులను, మరలను త్రుప్పునకై పరీక్షించి, అంగడిలోనే అరగంట ఆట నడిపించి పంకా చప్పుడు వినవలెను. రసీదులో ప్రతి భాగము పేరును, సంఖ్యను వేరువేరుగ వ్రాయించుకొనవలెను. ‘కంప్యూటరు ఒకటి’ అను ఒక్క పంక్తి రసీదు పట్టుకొని వారంటీ అడుగబోయినచో, చెడిన భాగమునకు బాధ్యులెవరో తేలదు.