లెక్కలోకి రాని కండె

ఈ మధ్య స్వయంసమృద్ధ జీవనం గురించి చాలా వింటున్నాం. మిద్దె మీద కూరగాయలు, ఇంట్లో చేసుకున్న సబ్బు, చేతినేత బట్ట. మంచిదే. కానీ ఇల్లు తన కాళ్ళ మీద తాను నిలబడుతుందంటే, ఆ కాళ్ళు ఎవరివి? ఆదోని, ఎమ్మిగనూరుల చరిత్రను ఈ ప్రశ్నతో మళ్ళీ చదవాలి.

1953 దాకా ఈ రెండు ఊళ్ళూ బళ్ళారి జిల్లాలోవి. నల్లరేగడి నేల, పత్తి, జొన్న, చెప్పకుండా వచ్చే కరువు. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా నష్టపోయాయి. పత్తి కడుపు నింపదు. బట్ట కొనేవాళ్ళు లేకపోతే నేసిన ఇంట్లో పొయ్యి వెలగదు. నేత ఇల్లు ఏనాడూ ఒంటరిగా బతకలేదు.

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశం 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. రాట్నం స్త్రీలకు రాజకీయాల్లోకి ఒక దారి చూపిన మాట నిజం. ఇంటి చాకిరీకి మరో పని కలిపిన మాటా నిజమే.

1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఏర్పడింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. షావుకారు మీద ఆధారపడకుండా బతికే దారి కోసం జరిగిన పెద్ద ప్రయత్నమది. అయితే సహకారం గురించి మాట్లాడేటప్పుడు మన చూపు మగ్గం దగ్గరే ఆగిపోతుంది. మగ్గం ఆడాలంటే ముందు చిలపల నూలు కండెలకు చుట్టాలి, ఆసు పోయాలి, పడుగుకు గంజి పట్టించాలి, తెగిన పోగులు అతకాలి. చేనేత ఇళ్ళల్లో ఇందులో చాలా భాగం స్త్రీలు, పిల్లలు చేసిందే. వంటకీ నీళ్ళకీ మధ్య చేసింది. కూలి మాత్రం బట్టకు కట్టారు, కండెకు కాదు.

2019-20 చేనేత గణన దేశంలో 26 లక్షలకు పైగా నేతకార్మికులను, 8 లక్షలకు పైగా ‘అనుబంధ’ కార్మికులను లెక్కించింది. అనుబంధమంటే మన భాషలో మమకారం. పుస్తకం చివర తగిలించే భాగం కూడా. స్త్రీల పని ఈ రెండర్థాల మధ్యే నలిగిపోయింది: ప్రేమతో చేస్తుంది కాబట్టి కూలి అక్కర్లేదు, చివరిది కాబట్టి పేరు అక్కర్లేదు.

పశ్చిమ కర్నూలు పల్లెల్లో వాన తప్పితే కుటుంబాలు ఇళ్ళకు తాళాలేసి, గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోతాయి. సొంత నేల, నీరు, కూలి మీద హక్కు లేని స్త్రీకి స్వావలంబన గురించి పాఠం చెప్పడం ఎగతాళే అవుతుంది. ముందు కండెకు కూలి కట్టాలి. పట్టాలోనూ సభ్యత్వ పుస్తకంలోనూ ఆమె పేరుండాలి. ఇల్లు స్వయంసమృద్ధమైందో లేదో ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.