తప్పు మనది కాదని రాసిన విలేఖరి: వాల్ట్ మాస్‌బర్గ్



ఈ వారం ఒక అమెరికా విలేఖరి చరిత్ర రాస్తున్నాను. ఆయనకూ మన సంఘానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఫోను చేతిలో పట్టుకొని ఏ బొమ్మ నొక్కాలో తెలియక మనవణ్ణి పిలిచే మన ఇళ్ల పెద్దవాళ్ల పక్షాన నిలబడిన మనిషి ఆయన.

వాల్ట్ మాస్‌బర్గ్ 1947లో పుట్టినారు. 1970లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో, డెట్రాయిట్ ఆఫీసులో చేరినారు. తర్వాత వాషింగ్టన్‌లో రక్షణ శాఖ, విదేశాంగ శాఖ వార్తలు రాసినారు. మంత్రుల వెంట విమానాల్లో తిరిగే ఉద్యోగం అది. ఇంట్లో పిల్లలతో ఉండాలనీ, తనకు ఇష్టమైన కంప్యూటర్ల గురించి రాయాలనీ దాన్ని వదులుకొన్నారు.

1991 అక్టోబర్‌లో ఆయన వారం వారం శీర్షిక మొదలైంది. అప్పట్లో కంప్యూటర్ పత్రికలు తెలిసినవాళ్లకోసం తెలిసినవాళ్లు రాసేవి. ఈయన మాత్రం మొదటి వాక్యంలోనే, కంప్యూటర్లు వాడటం మరీ కష్టమనీ, ఆ తప్పు వాడేవాళ్లది కాదనీ రాసినారు.

ఈ మాట విలువ నాకు బాగా తెలుసు. నేను రైల్వేలో గుమాస్తాగా ఉండగానే కంప్యూటర్లు వచ్చినాయి. ముప్పై ఏళ్లు రిజిస్టర్లలో ఒక్క కూడిక తప్పని పెద్దలు ఆ తెర ముందర చిన్నపిల్లల మాదిరి నిలబడినారు. అరవ బడిలో చదివిన మాబోటివాళ్లకు ఇంగ్లీషు తెర ఇంకో భయం. తెలివి తక్కువ అని మమ్మల్ని మేమే అనుకొన్నాము. యంత్రాన్ని చేసినవాణ్ణి ఎవరూ అడగలేదు. మాస్‌బర్గ్ అడిగినారు.

ఆయన కంపెనీల డబ్బు తీసుకోలేదు, వాటి షేర్లు కొనలేదు. పరీక్షకు పంపిన వస్తువులు తిరిగి పంపేసేవారు. 1999లో వ్యాఖ్యానానికి లోబ్ బహుమతి వచ్చింది. 2003లో కారా స్విషర్‌తో కలిసి పెద్ద సమావేశాలు మొదలుపెట్టినారు. 2007లో స్టీవ్ జాబ్స్‌నూ బిల్ గేట్స్‌నూ ఒకే వేదికపై కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగింది ఆ ఇద్దరే.

ఆయన ఆపిల్ కంపెనీకి మరీ దగ్గర అని అన్నవాళ్లు ఉన్నారు. జాబ్స్‌తో స్నేహం ఉండిన మాట నిజమే. 2007లో మొదటి ఐఫోన్ అమ్మకానికి రాకముందే పరీక్షించే అవకాశం కొద్దిమందికే దొరికింది, అందులో ఈయన ఒకరు. మెచ్చుకొన్నారు, కానీ దానికిచ్చిన నెట్‌వర్క్ నెమ్మది అని కూడా రాసినారు. మరుసటి ఏడు ఆపిల్ మొబైల్‌మీ సేవ సరిగ్గా పనిచేయకపోతే, కొనమని చెప్పలేనన్నారు. స్నేహం ఒక పక్క, పాఠకుడు ఒక పక్క అయినప్పుడు ఆయన పాఠకుడి పక్కనే నిలిచినారు.

2013 చివర జర్నల్ వదిలి, స్విషర్‌తో రీకోడ్ స్థాపించినారు. 2017లో రిటైరైనారు.

మన సంఘంలో పెద్దలకు ఫోను నేర్పే పిల్లలకు నా మనవి ఒకటే: ‘ఇంతమాత్రం తెలియదా’ అనవద్దు. పెద్దలారా, మీరు కూడా సిగ్గుపడక రెండోసారి, మూడోసారి అడగండి. మీ అనుభవాలు కింద రాయండి, చదువుతాను.