స్టాక్‌హోమ్‌లో ఒక రోజు - వాసా ఓడ కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు విదేశ యాత్రా విశేషాలేవైనా వ్రాయవలసిందిగా సంపాదకులు కోరారు. చూచిన స్థలాల పట్టిక వ్రాయడం తేలికే. కాని 2024 జూన్ నెలలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో మేము నలుగురు మిత్రులం గడిపిన ఒక్క రోజును గురించే వ్రాయదలచాను. ఆ రోజు మేము ముఖ్యంగా చూచినది ఒక ఓడ. అది 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిపోయింది. శత్రువు దాడి చేయలేదు, తుఫాను రాలేదు. పైఅధికారి తొందర, మధ్యలో మారిన ఆదేశాలు, చేతులు మారిన కాంట్రాక్టు, సగంలో ఆపిన ట్రయల్ టెస్టు, ఆ తరువాత విచారణ సంఘం - ఈ కథలో ఉన్నవి ఇవే. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మనవంటి వారికి ఇది ఎక్కడో జరిగిన కథగా అనిపించదు.

మా నలుగురిలో ఒకరు అకౌంట్స్‌లో, ఒకరు నిర్మాణ విభాగంలో, ఒకరు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. నేను స్టోర్స్ వాడిని. అకౌంట్స్ మిత్రుని కుమారుడు అక్కడ ఉద్యోగంలో ఉన్నందున బసకు లోటు లేకపోయింది. కోడలు పిల్ల ఉదయమే పులిహోర, పెరుగన్నం డబ్బాలలో సర్ది, "మామయ్యగారూ, చలిగాలి ఉంటుంది, స్వెట్టర్లు మరచిపోకండి" అని హెచ్చరించి పంపింది. జూన్‌లో అక్కడ రాత్రి దాదాపు పది గంటల వరకు పొద్దు పోదు. కాబట్టి తిరిగి రావాలనే తొందర లేదు.

ముందుగా గామ్లా స్టాన్ అనే పాత పట్టణానికి వెళ్ళాము. సన్నని రాతి సందులు, ఒకదానినొకటి ఆనుకొని నిలబడిన పసుపు, ఎరుపు రంగుల ఇళ్ళు. మధ్యలో స్టుర్‌టోర్యెట్ అనే చిన్న చౌకు ఉన్నది. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండవ క్రిస్టియన్ స్వీడిష్ ప్రముఖులను ఎనభై మందికి పైగా ఇక్కడే శిరచ్ఛేదం చేయించాడు. ఆ హతులలో ఒకరి కుమారుడు గుస్తావ్ వాసా. అతడు తిరుగుబాటు నడిపి 1523లో స్వీడన్‌కు రాజయ్యాడు. ఆ వంశ చిహ్నం ధాన్యపు పన. మేము చూడబోయే ఓడ పేరు ఈ వంశం పేరే. దానిని కట్టించిన రెండవ గుస్తావ్ అడాల్ఫ్ ఈ గుస్తావ్ వాసాకు మనుమడు.

చౌకుకు దగ్గరలోనే రాజభవనం. ఇప్పుడున్నది తరువాత కట్టినది. ఆ స్థలంలో ఉన్న త్రే క్రోనోర్ కోట 1697లో అగ్నికి ఆహుతి అయింది. వాసా ఓడ బయలుదేరినది ఆ కోట క్రింది రేవు నుండే. మునిగిన తరువాత విచారణ జరిగినది ఆ కోటలోనే.

అక్కడి నుండి స్లుస్సెన్ వద్ద చిన్న ఫెర్రీ ఎక్కి యూర్‌గార్డెన్ అనే దీవికి వెళ్ళాము. పది నిమిషాల ప్రయాణం. దారిలో బెక్‌హోల్మెన్ అనే చిన్న లంకను చూపి అకౌంట్స్ మిత్రుని కుమారుడు, "అంకుల్, మునిగింది ఇక్కడే" అన్నాడు. మేము నలుగురం ఒక్కసారి వెనుదిరిగి రాజభవనం వైపు చూచాము. అది కనుచూపు మేరలోనే ఉన్నది. ఓడ తన జీవితంలో చేసిన మొత్తం ప్రయాణం సుమారు 1300 మీటర్లు!

1628 ఆగస్టు 10, ఆదివారం. సాయంకాల ప్రార్థనలు ముగిశాక ఓడ కదిలింది. ఒడ్డున జనం. సిబ్బంది తమ భార్యలను, బంధువులను కొంత దూరం వరకు వెంట తీసుకొనిపోవడానికి అనుమతి ఉండినది. ఉన్న పది తెరచాపలలో నాలుగింటిని విప్పారు. వందన సూచకంగా ఫిరంగులు పేల్చడానికి ఓడ ప్రక్కలనున్న కిటికీలు తెరిచి ఉంచారు. ఒక గాలి విసురుకు ఓడ ఒరిగి, మళ్ళీ లేచింది. రెండవ విసురుకు లేవలేదు. క్రింది అంతస్తు కిటికీలలో నుండి నీరు లోపలికి దూకింది. కొద్ది నిమిషాలలో, అందరూ చూస్తుండగా, ఓడ 32 మీటర్ల లోతుకు చేరింది. సుమారు 30 మంది చనిపోయారు.

యూర్‌గార్డెన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే వాసా మ్యూజియం. దీనిని 1990 జూన్‌లో ప్రారంభించారు. లోపల వెలుతురు బాగా తక్కువ, గాలి చల్లన. కళ్ళు అలవాటు పడేసరికి ఎదురుగా నల్లని కొండవలె ఓడ! ముందరి దూలంతో కలిపి పొడవు 69 మీటర్లు, అడుగు నుండి కొయ్య చివర వరకు ఎత్తు 52 మీటర్లకు పైగా. ఓడ మీద సింహాలు, వీరులు, రోమన్ చక్రవర్తుల శిల్పాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఇప్పుడు అంతా ముదురు గోధుమ రంగు, ఆనాడు అవి రకరకాల రంగులతో మెరిసేవట. మన రథాల మీది కొయ్య బొమ్మలు గుర్తుకు వచ్చాయి.

ఇక అసలు సంగతి. గుస్తావ్ అడాల్ఫ్ అప్పుడు పోలండ్‌తో యుద్ధంలో ఉన్నాడు. పెద్ద ఓడలు కావాలని 1625లో కాంట్రాక్టు ఇచ్చాడు. పని చేపట్టినది హెన్రిక్ హ్యూబర్ట్‌సన్ అనే డచ్చి దేశపు మేస్త్రి. అతడు జబ్బుపడి 1627లో చనిపోయాడు. అతని భార్య మార్గరెటా నిల్స్‌డోటర్ యార్డు వ్యవహారాలు చూచుకోగా, ఓడ పని సహాయకుడు హెన్రిక్ యాకబ్‌సన్ మీద పడింది. ఈలోగా ఫిరంగుల గురించి ఆదేశాలు మారుతూ వచ్చాయి. చివరకు 64 ఫిరంగులు, వాటిలో 48 బరువైనవి, రెండు అంతస్తులలో అమర్చారు. యుద్ధరంగం నుండి రాజు త్వరపెడుతూ లేఖలు పంపుతూనే ఉన్నాడు.

పై భాగం బరువెక్కింది. దానిని నిలబెట్టడానికి అడుగున రాళ్ళు వేశారు, సుమారు 120 టన్నులు. అది చాలదు. ఇంకా వేద్దామంటే ఓడ మరింత దిగి, క్రింది కిటికీలు నీటిని తాకుతాయి. ఓడ ఒరిగితే తిరిగి లేస్తుందా లేదా అని లెక్క కట్టే శాస్త్రం అప్పటికి లేదు. మెటాసెంటర్ అనే భావనను ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ బూగేర్ తన గ్రంథంలో వివరించినది 1746లో. అంతవరకు మేస్త్రి అనుభవమే కొలత. ఆ కొలతలోనూ తేడా ఉన్నట్లు మన కాలంలో తేలింది. ఓడలో దొరికిన నాలుగు కొలబద్దలలో రెండింటికి అడుగు అంటే 12 అంగుళాలు, మిగిలిన రెండూ ఆమ్‌స్టర్‌డామ్ కొలత, 11 అంగుళాల అడుగు. ఒక ప్రక్క వడ్రంగులు ఒక అడుగుతో, రెండవ ప్రక్కవారు మరొక అడుగుతో పని చేసి ఉంటారన్నమాట. ఇది విని మా నిర్మాణ విభాగం మిత్రుడు నవ్వలేక నవ్వాడు.

లెక్క లేకపోయినా పరీక్ష జరిగింది. ప్రయాణానికి ముందు, ఓడ రేవులో ఉండగా, నౌకాదళాధిపతి క్లాస్ ఫ్లెమింగ్ సమక్షంలో 30 మంది నావికులను డెక్కు మీద ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు పరుగెత్తించారు. ఒక్కొక్క పరుగుకు ఓడ మరింత ఊగసాగింది. మూడవసారికి ఫ్లెమింగ్ పరీక్ష ఆపించాడు. ఓడ అక్కడే మునిగిపోతుందని భయం. పరీక్ష ఆగింది కాని ప్రయాణం ఆగలేదు.

ఈ పరీక్ష సంగతి బయటపెట్టినది యోరన్ మాట్సన్ అనే నావిక ఉద్యోగి. 1628 సెప్టెంబరు 5న కోటలో విచారణ జరిగినప్పుడు అతడు ఉన్నదున్నట్లు చెప్పాడు. ఓడ నిలకడ గురించి తాను ముందే అనుమానం తెలిపాననీ, ఈ మేస్త్రి ఇంతకుముందు ఓడలు కట్టినవాడే, నీవు చింతపడనక్కరలేదని ఫ్లెమింగ్ అన్నాడనీ చెప్పాడు. కెప్టెన్ సోఫ్రింగ్ హాన్సన్ తన మనుషులు త్రాగి లేరనీ, ఫిరంగులు గట్టిగా కట్టే ఉన్నాయనీ ప్రమాణం చేశాడు. యాకబ్‌సన్ తాను రాజు ఒప్పుకున్న కొలతల ప్రకారమే కట్టానన్నాడు. మరి తప్పు ఎవరిదని అడిగితే, కాంట్రాక్టులో భాగస్వామి అయిన వ్యక్తి అది దేవునికే తెలియాలన్నాడట. దోషులను శిక్షించమని రాజు వ్రాసినా, ఎవరికీ శిక్ష పడలేదు. రాజు 1632లో లూట్సెన్ యుద్ధంలో మరణించాడు. ఫ్లెమింగ్ కొలువులోనే కొనసాగి 1644లో యుద్ధంలోనే పోయాడు.

మధ్యాహ్నం మ్యూజియం వెలుపల బెంచీ మీద పులిహోర తింటూ మేము మళ్ళీ విచారణ సంఘం పెట్టుకున్నాము. అకౌంట్స్ మిత్రుడు, "తొందరపెట్టిన రాజుదే తప్పు, మార్చి నెలాఖరు ఖర్చుల వ్యవహారంలా ఉంది" అన్నాడు. నిర్మాణ విభాగం మిత్రుడు ఒప్పుకోలేదు. "కాదండీ, పునాదిలో తేడా ఉందని తెలిసినవాడు పని ఎలా అప్పగిస్తాడు? మేస్త్రిదే బాధ్యత. అయితే పాపం, మధ్యలో నెత్తిన పడ్డ పని" అన్నాడు. ఎస్టాబ్లిష్‌మెంట్ మిత్రుడు నిదానంగా, "ఆపే అధికారం ఉన్నది ఫ్లెమింగ్‌కు ఒక్కడికే. ఆయన ఓడను ఆపకుండా పరీక్షను ఆపాడు" అన్నాడు. ఆ మాటకు కాసేపు ఎవరమూ ఏమీ అనలేదు. ప్రతివారికీ తమ సర్వీసులోని ఏదో ఒక పరీక్ష గుర్తుకు వచ్చి ఉంటుంది.

ఓడ తరువాతి చరిత్ర కూడా చెప్పుకోవాలి. 1660 దశకంలో గంట ఆకారపు పరికరంలో మనుషులను దింపి, ఆ చీకటి నీటిలో నుండి 50కి పైగా ఫిరంగులను వెలికి తీశారు. తరువాత అందరూ దానిని మరచిపోయారు. ఆండర్స్ ఫ్రాన్సేన్ అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి వెతికి 1956లో కనుగొన్నాడు. నీటి అడుగుకు వదిలిన పరికరానికి నల్లబడిన ఓక్ కలప ముక్క చిక్కింది! బాల్టిక్ సముద్రపు నీటిలో ఉప్పు తక్కువ. కలపను తినే ఓడపురుగు అక్కడ బ్రతకలేదు. అందువల్ల ఓడ నిలిచింది. డైవర్లు అడుగున బురదలో ఆరు సొరంగాలు త్రవ్వి ఇనుప తాళ్ళు వేశారు. 1961 ఏప్రిల్ 24న, 333 ఏళ్ళ తరువాత, ఓడ పైకి వచ్చింది. ఆరి పగిలిపోకుండా 17 ఏళ్ళపాటు దాని మీద పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం చల్లారు. 2011 నుండి 2018 వరకు దాని ఇనుప బోల్టులను వేలాదిగా తీసి, తుప్పు పట్టని ఉక్కువి బిగించారు.

ఓడతోపాటు మనుషుల అస్థికలూ దొరికాయి. వాటిలో ఒకదానికి చాలాకాలం గుస్తావ్ అని పురుషుని పేరు పెట్టి పిలిచారు. ఆ అస్థిక స్త్రీదని డి.ఎన్.ఎ. పరీక్షలో తేలినట్లు 2023లో ప్రకటించారు. ఎవరి భార్యో, ఎవరి అక్కచెల్లెలో, కొంత దూరం వెళ్ళి వద్దామని సరదాగా ఎక్కిన మనిషి. కొయ్య చెంచాలు, వెన్న డబ్బాలు, టోపీతో సహా ఒక నావికుని పెట్టె అద్దాల వెనుక ఉన్నాయి. వాటి ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. పైవారి నిర్ణయానికి క్రిందివారు చెల్లించిన మూల్యం అక్కడ కనిపిస్తుంది.

ఎవరికీ శిక్ష పడలేదు కనుక ఎవరూ పాఠం నేర్చుకోలేదనుకోరాదు. వాసాకు తోడుగా ఎప్లెట్ అనే మరొక ఓడ కట్టవలసి ఉండినది. ఎప్లెట్ అంటే ఆపిల్ పండు. దానిని కట్టినది యాకబ్‌సనే. ఈసారి వెడల్పు పెంచాడు. 1629లో నీటిలో దిగిన ఆ ఓడ ముప్పై ఏళ్ళు కొలువు చేసింది. పాతబడిన తరువాత 1659లో వారే వాక్స్‌హోల్మ్ వద్ద కావాలని ముంచివేశారు. వ్రాక్ అనే మ్యూజియంకు చెందిన పురావస్తు శాస్త్రజ్ఞులు 2021 డిసెంబరులో దాని శకలాలను కనుగొన్నారు. కొలతలు తీసి, కలపను పరీక్షించి చూడగా, ఆ ఓక్ చెట్లు 1627లో నరికినవనీ, వాసాకు వాడిన ప్రాంతపు కలపేననీ తెలిసింది. ఆ ఓడ ఎప్లెటేనని 2022లో ప్రకటించారు. విచారణ సంఘం తేల్చలేని లోపాన్ని మేస్త్రి తన చేతిపనిలో సరిదిద్దుకున్నాడన్నమాట.

నాలుగు వందల ఏళ్ళ తరువాత మనకు ఈ కథ ఇంత వివరంగా తెలియడానికి ఓడ దొరకడం ఒక కారణమైతే, మాట్సన్ వంటి ఒక ఉద్యోగి నోరు విప్పడం, దానిని ఎవరో గుమస్తా కాగితం మీద పెట్టడం రెండవ కారణం. సర్వీసులో ఉండగా చెప్పలేని మాటలు ఎన్నో ఉంటాయి. కుటుంబం, ప్రమోషను, బదిలీ అడ్డం వస్తాయి. ఇప్పుడు మనకు ఆ అడ్డంకులు లేవు. ఏ పని ఎందుకు చెడింది, ఏ డిజైను ఎందుకు మార్చారు, తరువాతి పనిలో ఎవరు దానిని సరిదిద్దారు అనే సంగతులు మన సభ్యుల జ్ఞాపకాలలోనే ఉన్నాయి. ఎవరినీ నిందించనక్కరలేదు. ఉన్నదున్నట్లు రెండు పేజీలు వ్రాసి సంఘానికి పంపితే చాలు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న పిల్లలకు అవి ఉపయోగపడతాయి. మిత్రులందరికీ ఇదే నా మనవి.