రౌటర్ల భద్రత: గృహస్థులు, వ్యాపారులు తీసుకోవలసిన జాగ్రత్తలు

సిద్దిపేట: 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో మీ సేవా కేంద్రాలు మొదలుకొని కిరాణా దుకాణాల వరకు అనేక పనులు నేడు ఇంటర్నెట్ ఆధారంగా జరుగుచున్నవి. ఇంటికి గాని, దుకాణానికి గాని ఆ సౌకర్యాన్ని అందించే ముఖద్వారం రౌటరు. సెల్‌ఫోనుకు, కంప్యూటరుకు రక్షణ కల్పించుకొనే వారు సైతం గోడకు తగిలించిన ఈ చిన్న పెట్టె సంగతి మరచిపోవుచున్నారు. నేరగాళ్లకు ఈ ఏమరుపాటే అవకాశమగుచున్నది.

గత అనుభవాలు

2017 జూలై నెలాఖరులో మన దేశంలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మోడెములపై హానికర సాఫ్ట్‌వేర్ దాడి జరిగినది. సుమారు 60 వేల మోడెములు దెబ్బతిన్నట్లు అప్పట్లో వార్తలు వెలువడినవి. తయారీదారు ఇచ్చిన 'అడ్మిన్' అనే పాస్‌వర్డును మార్చని మోడెములే ఈ దాడికి గురైనవి. పాస్‌వర్డు మార్చుకొనవలసిందిగా సంస్థ వినియోగదారులను కోరినది. అంతకు ముందు 2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికామ్ వినియోగదారుల రౌటర్లు సుమారు 9 లక్షలు ఇట్టి దాడి వలననే నిలిచిపోయినవి. 2018 మే నెలలో బయటపడిన 'వి.పి.ఎన్. ఫిల్టర్' 54 దేశాలలో కనీసం 5 లక్షల పరికరాలలో చొరబడినది.

ప్రమాదం ఎట్లు వచ్చును?

రౌటరుకు రెండు పాస్‌వర్డులు ఉండును. ఒకటి వైఫై వాడుకొనుటకు, రెండవది రౌటరు అమరికలను మార్చుటకు. చాలామంది మొదటిది మాత్రమే మార్చి, రెండవది అట్లే వదిలివేయుదురు. అది తెలిసిన వ్యక్తి రౌటరులోని డి.ఎన్.ఎస్. చిరునామాను మార్చి, బ్యాంకు వెబ్‌సైటు కోరిన వారిని నకిలీ పేజీకి మళ్లించగలడు. మన రౌటరు ద్వారా ఇతరులపై దాడి చేసినచో, ఆ జాడ మన ఇంటి చిరునామాకే చేరును.

పాటించవలసిన జాగ్రత్తలు

1. రౌటరు అమరికల పాస్‌వర్డును, వైఫై పాస్‌వర్డును వేర్వేరుగా, కనీసం 12 అక్షరాలతో పెట్టుకొనవలెను. అమరికల పేజీ చిరునామా సాధారణంగా రౌటరు అడుగుభాగాన ముద్రించి ఉండును.

2. వైఫైకి డబ్ల్యు.పి.ఎ.-2 లేదా డబ్ల్యు.పి.ఎ.-3 రక్షణనే ఎంచుకొనవలెను. పాతదైన డబ్ల్యు.ఇ.పి. వాడరాదు.

3. మీట నొక్కి గాని, పిన్ ద్వారా గాని కలుపుకొనే డబ్ల్యు.పి.ఎస్. సౌకర్యాన్ని ఆపివేయవలెను. ఇందలి పిన్ లోపం 2011 డిసెంబరులోనే వెల్లడైనది.

4. బయటి నుండి రౌటరును నిర్వహించే సౌకర్యం అవసరం లేనిచో మూసివేయవలెను.

5. ఫర్మ్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించుకొనవలెను. తయారీదారు నవీకరణలు నిలిపివేసిన రౌటరును మార్చివేయుట మేలు.

6. దుకాణాలకు వచ్చే వారికి 'గెస్ట్' వైఫైని మాత్రమే ఇవ్వవలెను. బిల్లింగ్ కంప్యూటరును దానికి కలుపరాదు.

అమరికలు తెలియనిచో కనెక్షన్ ఇచ్చిన ఆపరేటరును అడిగి, తమ ఎదుటనే మార్పించుకొనవలెను.

అనుమానం కలిగినప్పుడు

రౌటరును ఆపి తిరిగి ప్రారంభించినంత మాత్రాన సరిపోదు. కొన్ని హానికర సాఫ్ట్‌వేర్లు తొలగినను, పాత పాస్‌వర్డే ఉన్నచో మరల చొరబడును. కావున ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ నవీకరించి, కొత్త పాస్‌వర్డులు పెట్టుకొనవలెను. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కంప్యూటర్లు, సెల్‌ఫోన్ల శుద్ధికి ఉచిత సాధనాలు అందించుచున్నది.

అనుమతి లేకుండా మోసపూరితంగా ఇతరుల కంప్యూటరు వ్యవస్థలో చొరబడుట సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 66వ సెక్షను ప్రకారం నేరం. ఇందుకు 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. ఖాతా నుండి సొమ్ము పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపినచో, సొమ్ము చేతులు మారకుండా నిలుపుటకు అంత అవకాశముండును.

పాస్‌వర్డు మార్చుటకు పట్టు సమయం కొద్ది నిమిషాలే. ప్రజలు ఈ పనిని వాయిదా వేయక నేడే పూర్తి చేసుకొనుట శ్రేయస్కరం.